పోలీసుల డ్రోన్‌కి డబ్బెక్కడిది? టెక్సస్‌లో ఒక అజెండా లైన్ వెంట నా అనుభవం

మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊళ్లో. పేరు చెప్పను. చుట్టుపక్కల ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి అనుకోండి. మా సిటీ కౌన్సిల్ సంగతులు నేను చూడ్డం మొదలుపెట్టింది క్రికెట్ గ్రౌండు కోసం. పార్కులో ఒక మూల పిచ్ వేయించమని మావాళ్లంతా సంతకాలు పెట్టి ఇచ్చారు. ఆ ఐటమ్ ఎప్పుడొస్తుందో తెలుసుకోడానికి మీటింగు ముందు అజెండా ప్యాకెట్ డౌన్‌లోడ్ చేసుకునేదాన్ని. వందల పేజీల పీడీఎఫ్ అది. మా పిచ్ కోసం వెతుకుతుంటే ఇంకొకటి కంటబడింది: పోలీస్ డిపార్ట్‌మెంటుకి డ్రోన్లు, వాటి సాఫ్ట్‌వేర్, బాలిస్టిక్ షీల్డులు (తూటాలు ఆపే డాళ్లు) కొనడానికి అనుమతి. కింద రెండు చిన్న గళ్లు. నిధులు ఎక్కడివి: చాప్టర్ 59 సీజ్డ్ ఫండ్స్. జనరల్ ఫండ్ (సిటీ మామూలు బడ్జెట్ ఖాతా) మీద భారం: ఏమీ లేదు.

నేను చేసేది ఇంటర్నల్ ఆడిట్ ఉద్యోగం. లక్షల డాలర్ల సామాను పక్కన "భారం ఏమీ లేదు" అని రాసి ఉంటే పేజీ తిప్పేయడం నావల్ల కాదు. పైగా అది కన్సెంట్ అజెండాలో ఉంది. ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్న ఐటమ్‌లన్నీ ఒక కట్టగా చేర్చి, చర్చ లేకుండా ఒకే ఓటుతో పాస్ చేస్తారు, దాన్నే అలా అంటారు. అదే మీటింగులో లైబ్రరీ ఆదివారం ఎన్ని గంటలు తెరవాలన్న దానిమీద చాలాసేపు వాదించుకున్నారు. డ్రోన్ల మీద ఎవరూ నోరు మెదపలేదు. ఆ వారం ఏదో కాగితం సరిగ్గా లేక ఆ ఐటమ్ వాయిదా పడింది. లేకపోతే ఈ కథ అక్కడితో అయిపోయేది.

చాప్టర్ 59 అంటే టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జప్తుల అధ్యాయం. 1989లో వచ్చింది. నేరానికి వాడారనో, నేరం వల్ల వచ్చిందనో అనుమానం ఉన్న డబ్బు, కారు, ఇల్లు, ఏదైనా సరే పోలీసులు పట్టుకోవచ్చు. తర్వాత డిస్ట్రిక్ట్ అటార్నీ (డిఎ, అంటే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయర్) ఆఫీసు 30 రోజుల్లోగా సివిల్ కోర్టులో కేసు వేయాలి. ఆ కేసు మనిషి మీద కాదు, వస్తువు మీద. మనిషికి శిక్ష పడాల్సిన అవసరం లేదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. కోర్టు నిర్దోషి అని తేలిస్తే మాత్రం అది సొంతదారుకి కొంత బలం. సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలన్న క్రిమినల్ కేసుల కొలత ఇక్కడ లేదు. ప్రభుత్వం చెప్పేదే కొంచెం ఎక్కువ నమ్మదగ్గట్టుగా ఉందని జడ్జికి అనిపిస్తే చాలు. గెలిచాక ఆ డబ్బు డిఎ ఆఫీసు, పోలీస్ డిపార్ట్‌మెంటు ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం పంచుకుంటారు. పోలీసుల వాటా సిటీ ఖజానాలో ప్రత్యేక ఖాతాలో పడుతుంది. దాన్ని "చట్టం అమలు" పనులకే వాడాలి.

ఈ సంగతి ఇంట్లో చెప్తే మావారు వెంటనే, "అయితే మన ఎలక్షన్ చెకింగుల్లాగా అన్నమాట" అన్నారు. ఆంధ్రా, తెలంగాణల్లో ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 రూపాయలకి మించి నగదు పట్టుకెళ్తే కాగితాలు చూపించాలి, లేకపోతే పట్టుకుంటారు. పెళ్లి సామానుకి వెళ్లేవాళ్లు, మిర్చి అమ్ముకుని వచ్చేవాళ్లు ఎలా ఇరుక్కుంటారో మనందరికీ తెలుసు. కానీ అక్కడ జిల్లాకొక గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది. బ్యాంకు స్లిప్పో, బిల్లో చూపించి, ఎన్నికలతో సంబంధం లేదని తేలితే వెనక్కి ఇస్తారు. అన్నిటికన్నా పెద్ద తేడా, చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ ఎస్సై గారి స్టేషన్‌కి ఆ డబ్బుతో కొత్త జీపు రాదు. ఇక్కడ వస్తుంది. ఈ ఒక్క తేడా నాకు మనసులో పడ్డాక మిగతావన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

ముందు సిటీ ఫైనాన్స్ వాళ్లకి ఈమెయిల్ పెట్టాను. ఆ ఖాతాలోకి డబ్బు ఏ కేసుల నుంచి వచ్చింది, ఎంత మిగిలింది అని. మర్యాదగానే జవాబు వచ్చింది: రాష్ట్ర చట్టం ప్రకారమే ఖర్చు చేస్తున్నాం, వివరాలకి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్ పెట్టుకోండి అని.

ఇక్కడే ఇంట్లో టెన్షన్ మొదలైంది. మా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. "వీసా మీద ఉండి పోలీసుల లెక్కలు అడగడం మనకెందుకు?" అని మావారు. ఆయన భయం అర్థం లేనిదేం కాదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ట్రాఫిక్ టికెట్ వచ్చినా లాయర్ నంబరు అడుగుతారు. అందుకని ముందు ఆ చట్టం చదివాను. టెక్సస్‌లో సమాచారం అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఎవరైనా అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నారని వాళ్లు ప్రశ్నించడానికి కూడా వీల్లేదు. ఆ సెక్షన్ ఆయనకి చూపించాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "సరే, ఆఫీస్ ఈమెయిల్ నుంచి మాత్రం పెట్టకు" అన్నారు. అది మంచి సలహానే.

రిక్వెస్ట్ రాయడం ఆడిట్‌లో శాంపిల్ అడగడం లాంటి పనే. మొదట నేను ఐదేళ్ల లెడ్జర్, ప్రతి కొనుగోలు ఇన్‌వాయిస్, రాష్ట్రానికి పంపిన ఆడిట్ ఫారాలు, డిఎ ఆఫీసుతో ఒప్పందం, అన్నీ అడిగాను. చట్టం ప్రకారం వాళ్లు పది పనిదినాల్లో ఇవ్వాలి, లేదా కొన్ని దాచుకోడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ అనుమతి అడగాలి. ఖర్చు 40 డాలర్లు దాటేలా ఉంటే ముందే అంచనా పంపాలి. నాకు అంచనాయే వచ్చింది, అదీ బాగా పెద్దది. ఇన్‌వాయిస్‌లలో దర్యాప్తు వివరాలు నల్లరంగు పూసి దాచడానికి గంటలు పడతాయట. ఫోన్ చేసి మాట్లాడితే ఆ క్లర్క్ గారే దారి చెప్పారు: ఇన్‌వాయిస్‌లు వదిలేయండి, లెడ్జర్ ఎక్సెల్‌లో తీసుకోండి, ఫారాలకి, ఒప్పందానికి డబ్బేమీ కాదు అని. ఇలాంటి ఉద్యోగులు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు, వాళ్లని పట్టుకోవడమే పని.

లెడ్జర్ వచ్చాక రెండు ఖాతాలున్నాయని తెలిసింది. ఒకటి రాష్ట్ర చట్టం కింద వచ్చిన డబ్బు, ఇంకోటి ఫెడరల్. మత్తుమందుల కేసులు చూసే డిఇఎ లాంటి ఫెడరల్ ఏజెన్సీతో కలిసి చేసిన కేసుల్లో జప్తయిన దాంట్లో లోకల్ పోలీసులకి 80 శాతం దాకా వాటా ఇచ్చే పద్ధతి 1984 నాటి చట్టంతో మొదలైంది. దాన్ని ఈక్విటబుల్ షేరింగ్ అంటారు. ఒబామా ప్రభుత్వం చివర్లో, 2015లో, లోకల్ పోలీసులు సొంతంగా పట్టుకున్నదాన్ని ఫెడరల్ చేతిలో పెట్టి వాటా తీసుకునే దారిని చాలావరకు మూసింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం మళ్లీ తెరిచింది. మా ఊరి లెడ్జర్‌లో ఫెడరల్ ఖాతా చిన్నదే, కాబట్టి నేను దాన్ని పక్కన పెట్టేశాను.

రాష్ట్ర ఖాతా ఖర్చులు చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు, ట్రైనింగ్ ప్రయాణాలు, సాఫ్ట్‌వేర్, రేడియో విడిభాగాలు, ఆఫీసు కుర్చీలు. కుర్చీలు చూసి కొంచెం నవ్వొచ్చింది గానీ, ఫర్నిచర్ కొనొచ్చని చట్టంలోని జాబితాలోనే ఉంది. నిజానికి ఆ జాబితా ఎందుకు పుట్టిందో చదివితే ఇంకా నవ్వొస్తుంది. ఇదే టెక్సస్‌లో ఒక కౌంటీ డిఎ ఆఫీసు జప్తు డబ్బుతో మార్గరిటా అనే మందు కలిపే మెషీన్ కొని తిరునాళ్లకి పట్టుకెళ్లింది. అది బయటపడి నానా యాగీ అయ్యాక, 2011లో చట్టం సవరించి ఈ డబ్బుతో మందు కొనకూడదు, ఎన్నికల ప్రచారానికి ఇవ్వకూడదు అని రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటే చూడండి.

అదే సవరణలో ఇంకో ముఖ్యమైన మాట చేరింది, దానికి కారణం టెనహా అనే చిన్న ఊరు. టెక్సస్ తూర్పు అంచున, లూయిజియానాకి దగ్గర్లో, హైవే 59 మీద ఉంటుంది. చాప్టరూ 59, రోడ్డూ 59, కాకతాళీయమే. అక్కడ పోలీసులు దారిన పోయే కార్లు ఆపి, డబ్బు కనిపిస్తే, "ఇది మాకు వదిలేస్తున్నట్టు సంతకం పెట్టు, లేకపోతే కేసు పెడతాం" అన్నారని ఆరోపణలు వచ్చాయి. పిల్లలతో వెళ్తున్నవాళ్లని పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకి పంపిస్తామని బెదిరించారని కూడా. బాధితులు 2008లో కేసు వేస్తే 2012లో రాజీతో ముగిసింది. ఇప్పుడు టెక్సస్‌లో డబ్బు పట్టుకున్న సమయంలో అలాంటి సంతకం అడగడమే చట్టవిరుద్ధం.

ఖర్చుల వైపు శుభ్రంగా ఉంటే, ఇక చూడాల్సింది ఆదాయం వైపు. రాష్ట్రానికి పంపే ఆడిట్ ఫారంలో ఆ సంగతి దొరకదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లో పంపాల్సిన ఆ ఫారంలో మొత్తం ఎంత పట్టుకున్నారు, ఎంత కోర్టు ద్వారా వచ్చింది, ఏ పద్దు కింద ఎంత ఖర్చు అనే మొత్తాలే ఉంటాయి. ఎవరి దగ్గర, ఏ కారణంతో, ఆ మనిషికి శిక్ష పడిందా లేదా అన్నది లేదు. ఆడిట్ అనే పేరు పెట్టుకుని ఇంత తక్కువ చెప్పే కాగితం నేను నా ఉద్యోగంలో చూడలేదు. అందుకని డిస్ట్రిక్ట్ కోర్టు క్లర్క్ ఆఫీసుకి వెళ్లాను.

కేసుల పేర్లు చూస్తే మొదట ఎవరికైనా వింతగా ఉంటుంది. "స్టేట్ ఆఫ్ టెక్సస్ వర్సెస్" అని రాసి, ఎదుట ముద్దాయి పేరు ఉండాల్సిన చోట డాలర్ల మొత్తం ఉంటుంది. కొన్నిట్లో ఒక కారు, దాని మోడల్, నంబరు. కౌంటర్ దగ్గర కంప్యూటర్‌లో ఒక్కొక్కటే తెరిచి చదివాను. ప్రతి ఫైల్లో పోలీస్ ఆఫీసర్ ప్రమాణం చేసి రాసిచ్చిన స్టేట్‌మెంట్ ఉంటుంది, అసలు కథ అందులోనే.

కొన్ని చదివితే పోలీసులదే న్యాయం అనిపించింది. ఫెంటనిల్ అనే మత్తుమందు మాత్రలు, తూకం, చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, తుపాకీ, పక్కనే రబ్బరు బ్యాండు చుట్టిన నోట్లు. ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలని నేను అనను. మా పిల్లల హైస్కూల్లో ఆ మాత్రల వల్ల పోయిన పిల్ల ఉంది. కానీ వాటి పక్కనే వేరే రకం ఫైళ్లు ఉన్నాయి. టెయిల్ లైట్ వెలగలేదని బండి ఆపారు. కుక్కతో వాసన చూపించారు. మత్తు పదార్థం ఏమీ దొరకలేదు, లేదా జేబులో కొంచెం గంజాయి. డబ్బు మాత్రం పట్టుకున్నారు. మొత్తాలు చిన్నవి: రెండు వేల చిల్లర, మూడు వేల చిల్లర.

వీటిలో చాలా కేసులు డీఫాల్ట్ జడ్జిమెంటుతో ముగిశాయి, అంటే అవతలి పక్షం రాలేదు. ఎందుకు రారో ఆ నోటీసు చదివితే తెలిసింది. సమన్లు అందిన 20 రోజులు దాటాక వచ్చే మొదటి సోమవారం ఉదయం 10 గంటల్లోపు లిఖితపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. సివిల్ కేసు కాబట్టి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వదు. నాకు తెలిసిన ఒక లాయర్‌ని ఊరికే అడిగితే, ఇలాంటి కేసుకి ఆయన తీసుకునే అడ్వాన్స్ ఆ ఫైళ్లలోని చాలా మొత్తాల కన్నా ఎక్కువ. మూడు వేల కోసం నాలుగు వేలు ఎవరు పెడతారు? ఒక ఫైల్లో మాత్రం బాల్‌పాయింట్ పెన్నుతో రాసిన జవాబు ఉంది. పాత పికప్ కొనడానికి డబ్బు పట్టుకెళ్తున్నానని, అమ్మేవాడి ఫోన్ నంబరు కూడా ఇస్తున్నానని రాశాడు. గడువు దాటాక వచ్చిందో, రాజీ కుదిరిందో తెలియదు గానీ, చివరికి సగం అతనికి, సగం ప్రభుత్వానికి అని ఆర్డర్ ఉంది. నేరం చేసి సంపాదించిందైతే సగం ఎందుకిచ్చారు? కాకపోతే సగం ఎందుకు తీసుకున్నారు? ఆ ప్రశ్న నా బుర్రలోంచి ఇప్పటికీ పోలేదు.

పెద్ద మొత్తాల్లో కూడా ఇది సులువు కాదు. టెక్సస్ నుంచే ఒక కేసు 2017లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రాఫిక్ స్టాప్‌లో ఒక కారు డిక్కీలో లాకర్ పెట్టె, అందులో 2,01,100 డాలర్లు. అది ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బు అని ఆ కారు నడిపిన కుర్రాడి తల్లి కోర్టుకెళ్లింది, ఇల్లు అమ్మిన కాగితం ఆ పెట్టెలోనే ఉంది కూడా. అయినా కింది కోర్టుల్లో ఓడిపోయింది. సుప్రీంకోర్టు సాంకేతిక కారణంతో కేసు తీసుకోలేదు. కానీ జస్టిస్ క్లారెన్స్ థామస్, ఎవరూ ఆయన్ని పోలీసు వ్యతిరేకి అనరు, ఈ జప్తుల పద్ధతి రాజ్యాంగానికి సరిపోతుందా అని సందేహం వెలిబుచ్చుతూ విడిగా ఒక నోట్ రాశారు. 2024లో మాత్రం అలబామా కార్ల కేసులో, ఆస్తి పట్టుకున్నాక అసలు విచారణకి ముందు ఇంకో తొందర విచారణ జరపాల్సిన పనిలేదని కోర్టు 6-3తో తేల్చింది.

ఇవన్నీ చెప్తే, మా కాలనీలో రిటైరైన ఒక అంకుల్, "కంచే చేను మేస్తోందన్నమాట" అన్నారు. నాకు ఆ సామెత సరిగ్గా అతకలేదనిపించింది. కంచె దొంగచాటుగా మేయడం లేదు, మేసుకోమని చట్టమే రాసిచ్చింది, మేసినదానికి రశీదు కూడా ఇస్తోంది.

గ్యాస్ స్టేషన్ నడిపే అన్నయ్య ఒకరున్నారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్ల పైన అయింది. ఆయన వారాంతం అమ్మకాల డబ్బు సోమవారం కార్లో బ్యాంకుకి పట్టుకెళ్తారు. ఆయనకి ఈ సిద్ధాంతాలు అక్కర్లేదు. "అమ్మా, నేను ఏం దగ్గర పెట్టుకోవాలో చెప్పు" అన్నారు. లాయర్‌ని అడిగి చెప్పాను: రిజిస్టర్ రోజువారీ క్లోజింగ్ రిపోర్టు డబ్బు సంచిలోనే పెట్టుకోండి, పాత డిపాజిట్ స్లిప్పులు ఫోన్లో ఉంచుకోండి, కారు వెతకమంటారా అని అడిగితే వద్దు అని మర్యాదగా చెప్పే హక్కుంది, రోడ్డు మీద ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, డబ్బు తీసుకుంటే ఎంతో లెక్కపెట్టి రశీదు ఇమ్మనండి, నోటీసు వస్తే ఆ సోమవారం దాటనివ్వకండి. ఆయన ఇవన్నీ కాగితం మీద తెలుగులో రాసుకుని క్యాష్ కౌంటర్ కింద అంటించుకున్నారు.

కౌన్సిల్‌లో మాట్లాడేముందు పోలీసుల వైపు వినాలనుకున్నాను. మా ఊళ్లో అప్పుడప్పుడూ "కాఫీ విత్ ఎ కాప్" అని డోనట్ షాపులో పెడతారు. అక్కడొక లెఫ్టినెంట్ ఓపిగ్గా మాట్లాడాడు. డ్రోన్లు ఎందుకంటే ఆయన చెప్పిన మొదటి ఉదాహరణ మనవాళ్లదే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు సాయంత్రం వాకింగుకి వెళ్లి దారి తప్పుతుంటారట. ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఫోన్ ఉండదు, చీకటి పడుతుంది. డ్రోన్‌కి ఉన్న హీట్ కెమెరాతో నిమిషాల్లో కనిపెట్టొచ్చు. మా నాన్నగారు కిందటి వేసవిలో ఇలాగే రెండు వీధుల అవతల ఎవరింటి మెట్ల మీదో కూర్చుని దొరికారు. కాబట్టి డ్రోన్ వద్దని నేను అనలేను.

"మరి ఇంత మంచి వస్తువుని బడ్జెట్‌లోనే అడగొచ్చు కదా?" అన్నాను.

ఆయన నవ్వి, "బడ్జెట్‌లో అడిగితే ఏడాది పడుతుంది, రోడ్లతో, పార్కులతో పోటీ పడాలి. ఇది అలా కాదు" అన్నాడు. అబద్ధం చెప్పకుండా చెప్పాడు, అందుకు ఆయనంటే నాకు గౌరవం. సమస్య కూడా ఆ మాటలోనే ఉంది.

చట్టం ఒక విచిత్రం చేసింది. ఈ డబ్బు ఖర్చుపెట్టే ముందు పోలీసులు కౌన్సిల్‌కి బడ్జెట్ సమర్పించాలి. ఆ డబ్బు ఉంది కదా అని కౌన్సిల్ వాళ్ల మామూలు బడ్జెట్ తగ్గించడానికి మాత్రం వీల్లేదు. రెండోది న్యాయమే, లేకపోతే "మీ జీతాలు మీరే పట్టుకొచ్చుకోండి" అని సిటీలు పోలీసుల్ని రోడ్డు మీదకి తోలేవి. కానీ ఫలితం ఏమిటంటే కౌన్సిల్ సభ్యులకి ఇది తమది కాని డబ్బు. తమ పద్దులోంచి పోదు, ఓటర్లు అడగరు. అందుకే కన్సెంట్ అజెండాలో పడుతుంది.

ప్యాకెట్‌ని ఆడిటర్ కళ్లతో మళ్లీ చదివితే అసలు మెలిక దొరికింది. డ్రోన్ల ధర పెద్దదేం కాదు. పెద్ద ఖర్చు వాటి సాఫ్ట్‌వేర్, వీడియో దాచే సర్వీసు. అది ఏటేటా కట్టాల్సిన చందా, ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది సీజ్డ్ ఫండ్స్ నుంచి. రెండో ఏడాది నుంచి "నిధుల లభ్యతను బట్టి". ఏ నిధులు? జప్తు డబ్బు ఏటా ఇంత వస్తుందని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. వస్తుందని నమ్ముకుని ఏటా కట్టాల్సిన ఖర్చు నెత్తిన పెట్టుకుంటే, ఆ చందా గడువు దగ్గరపడినప్పుడు హైవే మీద వెలగని టెయిల్ లైట్లు ఎక్కువ కనిపిస్తాయి. పోలీసులు చెడ్డవాళ్లని కాదు, ఏ ఆఫీసులోనైనా టార్గెట్ ఉంటే మనుషులు ఎలా ప్రవర్తిస్తారో నేను రోజూ చూస్తాను.

మాట్లాడాలంటే మీటింగు మొదలయ్యేలోపు ఒక కార్డు నింపి సిటీ సెక్రటరీకి ఇవ్వాలి. 2019 నుంచి టెక్సస్‌లో అజెండాలో ఉన్న ఏ ఐటమ్ మీదైనా, దాన్ని చర్చించే ముందో, చర్చించేటప్పుడో, జనాన్ని మాట్లాడనివ్వాలి. మా ఊళ్లో మనిషికి మూడు నిమిషాలు. పేరు మైకులో పిలుస్తారు, మన పేర్లని పలికే తీరు తెలుసు కదా, నన్నే అనుకుని లేచాను. మావారు వెనక వరసలో కూర్చున్నారు. రానన్నారు, వచ్చారు.

జప్తుల చట్టం మంచిదా చెడ్డదా అన్నది మాట్లాడలేదు. దాన్ని మార్చేది రాష్ట్ర చట్టసభ ఉన్న ఆస్టిన్‌లో, ఇక్కడ కాదు. 2015లో న్యూ మెక్సికో సివిల్ జప్తుల్ని రద్దు చేసి, శిక్ష పడ్డాకే తీసుకోవాలంది. టెక్సస్‌లో సెషన్ తర్వాత సెషన్ బిల్లులు వస్తున్నాయి, పోతున్నాయి. కౌన్సిల్ చేతిలో ఉన్నవి మాత్రమే అడిగాను. ఒకటి, ఈ ఐటమ్ కన్సెంట్ కట్టలోంచి తీసి విడిగా ఓటు పెట్టండి. రెండు, రాష్ట్రానికి పంపే ఆడిట్ ఫారం ఏటా ప్యాకెట్‌లో జతచేయండి, దాంతోపాటు ఎన్ని కేసుల్లో శిక్ష పడిందో కూడా. మూడు, చందా రెండో ఏడాది నుంచి జనరల్ ఫండ్ బడ్జెట్‌లో అడగాలని ఇప్పుడే రాసుకోండి. గొంతు మొదట్లో వణికింది, అంకెల దగ్గరికి వచ్చాక సర్దుకుంది.

ఒక కౌన్సిల్ సభ్యుడు ఐటమ్‌ని బయటికి తీయమన్నాడు. చీఫ్ లేచి, ఇది నేరస్థుల డబ్బు, పన్ను కట్టేవాళ్ల మీద పైసా భారం లేదన్నారు. ఆ సభ్యుడు, "రెండో ఏడాది?" అని ఒక్క మాట అడిగాడు. ఫైనాన్స్ డైరెక్టర్ పక్కవాళ్ల వంక చూశారు. కాసేపు తర్జనభర్జన అయ్యాక, చందా సంగతి తర్వాతి బడ్జెట్ వర్క్‌షాపుకి తెచ్చేలా సవరించి, ఒక్క ఓటు వ్యతిరేకంగా పడగా పాస్ చేశారు. ఆడిట్ ఫారం జతచేస్తామన్నారు. శిక్షల వివరాలు డిఎ ఆఫీసు దగ్గర ఉంటాయి, మా దగ్గర లేవన్నారు. ఆ డేటా కోసం కౌంటీకి పెట్టిన నా రిక్వెస్ట్ ఇంకా నడుస్తూనే ఉంది. కేసులవారీగా అలాంటి జాబితా తమ దగ్గర లేదని ఒకసారి జవాబిచ్చారు, లేని కాగితాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాలని చట్టం చెప్పదు. కాబట్టి ఇప్పుడు కేసు నంబర్లే అడుగుతున్నాను, జతపరిచే పని నేనే చేసుకుంటాను.

మా సిటీ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, వర్క్‌షాపులు వేసవిలో జరుగుతాయి. కిందటి వేసవిలో డ్రోన్ చందా జనరల్ ఫండ్ కోరికల జాబితాలోకి వచ్చింది, ఫుట్‌పాత్ మరమ్మతులకి, లైబ్రరీ స్టాఫ్‌కి మధ్యలో. ఈసారి చీఫ్ స్లైడ్లతో వచ్చారు. డ్రోన్లు ఎన్నిసార్లు ఎగిరాయి, ఎందుకు, ఎంతమంది తప్పిపోయినవాళ్లు దొరికారు, ఎన్నిసార్లు ఊరికే వెళ్లొచ్చాయి, అన్నీ పట్టికలో పెట్టి చూపించారు. కొనేటప్పుడు ఇలాంటి పట్టిక ఎవరూ అడగలేదు. ముందు ఏడాది నోరు మెదపని కౌన్సిల్ సభ్యురాలు ఒకామె, "పెరళ్ల మీదుగా వెళ్లేటప్పుడు తీసిన వీడియో ఎన్నాళ్లు దాస్తారు?" అని అడిగింది. చీఫ్ దగ్గర ఆ జవాబు లేదు, వచ్చే మీటింగుకి రాతపూర్వకంగా తెస్తానన్నారు. చందాలో సగానికే అనుమతిచ్చి, మిగతా సగం ఆ పాలసీ వచ్చాక చూద్దామని వాయిదా వేశారు.